నెయ్యి మీద అనుమానమా? ముందు మూత తీయకండి

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ టీవీల్లో మొదలైన రెండో రోజే మా వదిన కొంగు చాటున ఒక నెయ్యి సీసా పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“ఇన్నేళ్లు ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేశావు కదయ్యా, ఇది నెయ్యో కాదో తేల్చి చెప్పు.”

సీసాలో పావు వంతు మిగిలింది. అందులో చెంచా ఉంది. ఆ చెంచాకి ఇడ్లీ కారప్పొడి అంటుకుని ఉంది.

“దీంతో ఏమీ తేలదు వదినా” అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. కానీ నా ఉద్యోగంలో సగం ఫిర్యాదులు ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. జనం అనుమానం నిజమే అయి ఉండొచ్చు. చేతిలో మాత్రం విప్పిన ప్యాకెట్టో, నాకేసిన సీసానో ఉంటుంది. బిల్లు ఉండదు. కవరు చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది. కల్తీ కేసు సీలు మీదా కాగితం మీదా నిలబడుతుంది, నాలుక మీద కాదు. అందుకే పాలు, నెయ్యి, పనీర్ మీద అనుమానం వచ్చినప్పుడు ఏం చేయాలో మా వదినకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. నేను 1988లో ఈ ఉద్యోగంలో చేరాను. ఎక్కువ సర్వీసు 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద, మిగతాది 2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద గడిచింది. కొత్త చట్టం నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పట్నుంచి మమ్మల్ని ఆహార భద్రత అధికారులు అంటున్నారు గానీ, బజార్లో ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టరే.

ముందు కవరు చదవండి

“పాలు పలచగా ఉన్నాయి, మీగడే కట్టడం లేదు.” నాకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఇదే. వెళ్లి కవరు చూస్తే డబుల్ టోన్డ్ అని రాసి ఉండేది. డబుల్ టోన్డ్‌లో వెన్న 1.5 శాతం ఉంటే చాలు, చట్టం ప్రకారం అవి మంచి పాలే. టోన్డ్‌లో 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6 ఉండాలి. విడిగా పోసే ఆవుపాలలో 3.2, గేదెపాలలో 5 శాతానికి తగ్గకూడదు. వెన్న ఒక్కటే చూస్తే సరిపోదు. వెన్న తీసేస్తే పాలలో మిగిలే ఘనపదార్థాన్ని పాల కేంద్రాల్లో ఎస్‌ఎన్‌ఎఫ్ అంటారు. అది ఆవుపాలలో 8.3, గేదెపాలలో 9 శాతం ఉండాలి. నీళ్లు పోస్తే రెండూ పడిపోతాయి. వెన్న మాత్రమే తీస్తే మొదటిదే పడుతుంది. ల్యాబ్ రిపోర్టులో ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే పాలవాడు ఏం చేశాడో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంకొకటి. ప్యాకెట్ పాలను హోమోజనైజ్ చేస్తే వెన్న చిన్న చిన్న రేణువులుగా విడిపోయి పాలంతా కలిసిపోతుంది. ఎంత కాచినా మందంగా మీగడ కట్టదు. అది కల్తీ కాదు. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, నమ్మినవాళ్లు తక్కువ.

కవరు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానివి: ఆంధ్రప్రదేశ్‌కి 01, తెలంగాణకి 36, కేంద్రం ఇచ్చిన లైసెన్సయితే 00. ఆ తర్వాతి రెండూ సంవత్సరం. ఈ నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) వారి ఫాస్కోస్ పోర్టల్లో కొడితే ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతుందో లేదో కనిపిస్తుంది. వేరే ఎవరిదో నంబరు అచ్చేసుకున్న నెయ్యి డబ్బాలు నేనే పట్టుకున్నాను. ఆ నంబరు కొడితే ఒక పచ్చళ్ల వ్యాపారి పేరు వచ్చింది! అయితే నంబరు సరిగ్గా ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని కాదు. ఎవరిని పట్టుకోవాలో అది చెబుతుంది, అంతే.

నంబరు తర్వాత బ్యాచ్ నంబరు, తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, ఎప్పటిలోపు వాడాలో ఆ తేదీ, తయారీదారు పూర్తి చిరునామా, నికర పరిమాణం, దేనితో చేశారో ఆ జాబితా చూడండి. పాల ప్యాకెట్ మీద పచ్చ చుక్క లేదని ఒక పెద్దాయన నా మీద కలెక్టరుకే అర్జీ పెట్టారు. పాలకూ పాలపొడికీ ఆ గుర్తు నుంచి మినహాయింపు ఉంది. నెయ్యికీ పనీరుకీ లేదు.

పేరు దగ్గరే జరిగే మోసాలు వేరు. ఐస్‌క్రీమ్ అనుకుని మనం కొనే వాటిలో చాలా కప్పుల మీద సన్నటి అక్షరాల్లో “ఫ్రోజెన్ డెజర్ట్” అని ఉంటుంది. అందులో కొవ్వు పాలది కాదు, వంటనూనెది. అలా రాసి అమ్మితే తప్పు లేదు, ఐస్‌క్రీమ్ అని రాస్తేనే తప్పు. పనీరూ అంతే. నిజమైన పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు, నీరు తీసేసిన బరువులో సగం పాలకొవ్వు ఉండాలి. పామాయిల్, పాలపొడి కలిపి చేసిన దాన్ని పనీర్ పేరుతో అమ్మకూడదు, అది అనలాగ్, అంటే పనీర్‌లా చేసిన ప్రత్యామ్నాయం, అని చెప్పే అమ్మాలి. విడిగా కోసి అమ్మే పనీరుకి లేబులే ఉండదు కాబట్టి అక్కడ మోసం సులువు. చవకగా వస్తోందంటే అడగండి, “ఇది పాలతో చేసిందేనా?” అని. ఆ జవాబు ఫోన్లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

లేబుల్ విషయంలో ప్రభుత్వం కూడా అప్పుడప్పుడూ వెనక్కి తగ్గుతుంది. 2023లో పెరుగు ప్యాకెట్ల మీద ‘దహీ’ అని రాయాలంటే తమిళనాడు, కర్ణాటకల్లో గొడవైంది. చివరికి మార్చి నెలాఖరులో ఏ భాషవాళ్లు ఆ భాష మాట ‘కర్డ్’ పక్కన రాసుకోవచ్చన్నారు, మన ‘పెరుగు’ కూడా ఆ ఉదాహరణల్లో ఉంది. 2024 ఆగస్టు 21న పాలమీద ఏ1, ఏ2 (పాలలోని ఒక ప్రొటీన్ రకాలు) అని రాయకూడదని ఆదేశం ఇచ్చి, 26న దాన్ని ఉపసంహరించుకున్నారు. కాబట్టి ఏ2 నెయ్యికి రెట్టింపు ధర పెట్టేవాళ్లు ఆ రెండక్షరాలకి ప్రభుత్వ హామీ ఉందనుకోవద్దు.

ఇంట్లో చేసుకునే పరీక్షలు

వీటిని ఫిర్యాదు చేయాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి వాడండి. రుజువుగా ఏ అధికారీ ఒప్పుకోడు.

నున్నటి పళ్లెం ఏటవాలుగా పట్టుకుని పైన ఒక పాలచుక్క వేయండి. మంచి పాలు నిదానంగా జారి వెనక తెల్లటి చార వదులుతాయి. నీళ్లు కలిపినవి చార లేకుండా గబుక్కున జారిపోతాయి. సబ్బుపొడి అనుమానమైతే నాలుగైదు చెంచాల పాలకి అన్ని నీళ్లు కలిపి సీసాలో గట్టిగా ఊపండి. మంచి పాలమీద పల్చటి నురుగే వస్తుంది. పిండి కలిపారేమో చూడాలంటే పాలలో నీళ్లు కలిపి కాచి, బాగా చల్లార్చాక రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు తిరిగితే పిండి ఉంది. వేడిగా ఉండగా వేస్తే రంగు రాదు, “మా పాలు మంచివే” అని మోసపోతారు. యూరియాకి చెంచా పాలలో అర చెంచా కందిపప్పు పొడి కలిపి, ఐదు నిమిషాలాగి ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి, యూరియా ఉంటే అది నీలంగా మారుతుంది.

పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటర్ గురించి ఒక మాట. పల్లెల్లో దాన్నే దేవుడిలా నమ్ముతారు. నీళ్లు పోస్తే రీడింగ్ పడిపోతుంది, నిజమే. ఆ నీళ్లలో ఇంత చక్కెరో, ఉప్పో, యూరియానో వేస్తే మళ్లీ లేస్తుంది. పాలలోకి యూరియా రావడానికి ఇదీ ఒక కారణం.

నెయ్యిలో వనస్పతి ఉందా లేదా చూసే పరీక్ష ల్యాబులదే, దానికి ఘాటైన యాసిడ్ కావాలి. ఇంట్లో చేయకండి. కానీ దాని వెనక తెలివి నాకు భలే ఇష్టం. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వులనూనె కలపాలని ఎప్పుడో నిబంధన పెట్టారు. ఎందుకంటే నువ్వులనూనె ఆ యాసిడ్, చక్కెరలతో కలిస్తే ఎర్రబడుతుంది. ఎవరైనా వనస్పతిని నెయ్యిలో కలిపితే ఆ ఎరుపే వాళ్లని పట్టిస్తుంది. దొంగకి మువ్వలు కట్టి వదిలినట్టు.

ఇంట్లో దొరకనివి కూడా ఉన్నాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతా 1,103 ఊళ్ల నుంచి 6,432 పాల శాంపిళ్లు తీయించి, మరుసటేడు ఫలితాలు బయటపెట్టింది. అందులో సబ్బు, యూరియా, పెరాక్సైడ్ లాంటి కల్తీ దొరికింది 12 శాంపిళ్లలోనే, వాటిలో ఎక్కువ తెలంగాణవి. అంతకన్నా చాలా ఎక్కువ శాంపిళ్లలో అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. బూజు పట్టిన దాణా, తెలగపిండి తిన్న పశువు పాలలో వచ్చే విషం అది. అక్కడ పాలవాడు ఏమీ కలపలేదు. ఏ అయోడిన్ చుక్కా దాన్ని చూపించదు.

ఆధారం దాచడం, ఫిర్యాదు రాయడం

ఒక ప్యాకెట్ అనుమానంగా ఉంటే వెంటనే అదే దుకాణానికి వెళ్లి అదే బ్యాచ్‌ది ఇంకొకటి కొనండి. బిల్లు తీసుకోండి. దాన్ని విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. విప్పినదాని కవరు కడిగి ఆరబెట్టి దాచండి. నంబరు, తేదీ కనిపించేలా ఫోటో తీయండి.

దుకాణంలో ఇంకో పని కూడా చేయండి, పాల పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి. రాత్రిళ్లు కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి ఫ్రిజ్ ఆపేసే దుకాణాలు ఎన్నో చూశాను. పాలు కాచగానే విరిగాయంటే తప్పు డెయిరీదే కానక్కర్లేదు. ఆ సంగతి ఫిర్యాదులో రాస్తే అధికారి ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలుస్తుంది.

ఇంటికొచ్చి పోసే వాడిక పాలకి బిల్లూ ఉండదు, సీలూ ఉండదు. చెంబులో పట్టుకుని ఆఫీసుకి తీసుకురావద్దు. మధ్యలో మీరు నీళ్లు కలపలేదని రుజువేంటి? ఆ పాలవాడు ఏ వీధిలో, ఎన్ని గంటలకి, ఏ బండి మీద వస్తాడో చెప్పండి చాలు. మేమే తెల్లవారుజామున కాపు కాస్తాం.

ఫిర్యాదుకి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే యాప్ ఉంది, 1800112100 టోల్‌ఫ్రీ ఉంది. నా మాట వింటే యాప్‌లో పెట్టి, అదే కాగితం మీద రాసి మీ జిల్లా డెజిగ్నేటెడ్ ఆఫీసరుకి (ఆహార భద్రత అధికారులకి పైఅధికారి) ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. “మా ఊళ్లో పాలన్నీ కల్తీ, చర్య తీసుకోండి” అని రాస్తే ఆ కాగితం ఫైల్లో నిద్రపోతుంది. ఇలా రాయండి:

“ఫలానా తేదీ ఉదయం 6 గంటలకి, ఫలానా వీధిలో ఫలానా దుకాణంలో అర లీటరు స్టాండర్డైజ్డ్ పాల ప్యాకెట్లు రెండు కొన్నాను. ఒకటి కాచితే సబ్బు నురుగు వచ్చింది. రెండోది విప్పకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు కింద రాశాను. బిల్లు నకలు జతచేశాను. ఇదే బ్యాచ్ ఈరోజు కూడా ఆ దుకాణంలో ఉంది.”

చివరి వాక్యం ముఖ్యం. మీ ఫ్రిజ్‌లోది అనుమానానికి బలం మాత్రమే. మామూలుగా కేసు నడిచేది అధికారి స్వయంగా దుకాణంలో తీసిన శాంపిల్ మీద.

శాంపిల్ తీసేటప్పుడు ఏం జరగాలి

అధికారి నోటీసు ఇచ్చి, సాక్షి ఎదుట, డబ్బు చెల్లించి సరుకు కొనాలి. విడి పాలైతే ముందు క్యాను అడుగు దాకా గరిటె పెట్టి బాగా కలపాలి. వెన్న పైకి తేలుతుంది కదా, కలపకుండా పైన ముంచితే ఒక లెక్క, అడుగున ముంచితే ఇంకో లెక్క. కలపలేదన్న ఒక్క కారణంతో కోర్టుల్లో కొట్టేసిన కేసులు బోలెడు. తర్వాత నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ల్యాబులో పరీక్షించే ఫుడ్ ఎనలిస్టుకి, రెండు డెజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గరికి, నాలుగోది వ్యాపారి కోరితే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకి. పాలు చెడకుండా ఫార్మలిన్ వేస్తాం, 25 మిల్లీలీటర్లకి రెండు చుక్కలు. పాత రోజుల్లో 220 మిల్లీలీటర్ల సీసాకి 18 చుక్కలు లెక్కపెట్టి వేసేవాణ్ణి. లెక్క తప్పితే వకీలు ఊరుకోడు. అదే ఫార్మలిన్ పాలవాడు వేస్తే నేరం. శాంపిల్ తీసేటప్పుడు మా చేతిలో సీసా చూసి “మీరే కలుపుతున్నారే” అని గుమిగూడిన జనం గోల చేసిన రోజులున్నాయి.

ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. మీరు అధికారిని అడగాల్సిన ప్రశ్న “రిపోర్టు వచ్చిందా” అని కాదు, “ఏమని వచ్చింది” అని. నాసిరకం అంటే ప్రమాణానికి తగ్గింది, 5 లక్షల దాకా జరిమానా. మిస్‌బ్రాండెడ్ అంటే లేబుల్ తప్పు, 3 లక్షల దాకా. ఈ రెండింటినీ ఆంధ్రాలో జాయింట్ కలెక్టరు, తెలంగాణలో అదనపు కలెక్టరు విచారించి జరిమానా వేస్తారు, జైలు ఉండదు. హానికరం అని వస్తేనే కోర్టు, జైలు. అది తిని ఎవరైనా చనిపోతే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. రిపోర్టు వ్యాపారికి నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకుంటాడు, డెజిగ్నేటెడ్ ఆఫీసరు ఒప్పుకుంటే ఆయన దగ్గరున్న సీసా పైస్థాయి రిఫరల్ ల్యాబుకి వెళ్తుంది. అక్కడి మాటే చివరిది.

పాత చట్టంలో నేరం రుజువైతే మామూలుగా ఆర్నెల్లకి తగ్గని జైలు. కఠినంగా ఉందని మెచ్చుకునేవాళ్లు. నాకు మాత్రం సైకిలు మీద రెండు క్యాన్లు కట్టుకుని వచ్చే ఒక ముసలాయన గుర్తొస్తాడు. ఎస్‌ఎన్‌ఎఫ్ కాస్త తగ్గిందని నేను పెట్టిన కేసుకి పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. నా బదిలీలు మూడు అయ్యాయి, వాయిదాకి వెళ్లినప్పుడల్లా “అయ్యా బాగున్నారా” అని ఆయనే పలకరించేవాడు. ఇప్పుడైతే జరిమానాతో తేలిపోయేది. కొత్త చట్టం మెతకది అనేవాళ్లతో నేను ఏకీభవించను.

అధికారి కదలకపోతే

సెక్షన్ 40 కింద కొనుగోలుదారు తానే ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఒక్క షరతు: కొనేటప్పుడే దుకాణదారుకి “దీన్ని పరీక్షకి పంపుతున్నాను” అని చెప్పాలి. ఇద్దరు తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లి చెప్పండి, బిల్లు మీద రాయించండి. తప్పని తేలితే మీ ఫీజు మీకు వెనక్కి వస్తుంది, ఎనలిస్టు ఆ రిపోర్టును డెజిగ్నేటెడ్ ఆఫీసరుకీ పంపుతాడు. ప్రైవేటు ల్యాబులో చేయించుకున్న రిపోర్టు మీ మనశ్శాంతికి, ఫిర్యాదుకి జత చేయడానికి బాగుంటుంది, దాని మీద నేరుగా జరిమానా పడదు. నష్టపరిహారం కావాలంటే దారి వేరు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు.

మా వదిన సీసా సంగతి చెప్పలేదు కదూ. చెంచా తీసేసి సీసా తిప్పి చూశాను. తయారీ తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. బ్యాచ్ నంబరు అసలు లేదు. “అదే బ్యాచ్‌ది ఇంకొకటి కొనుక్కురా వదినా” అని చెప్పే వీలే లేకుండా చేశాడు అమ్మినవాడు. ఆ దుకాణం పేరు రాసి, సీసా ఫోటో పెట్టి ఆవిడ చేతే అర్జీ రాయించాను. నా తర్వాత వచ్చిన అమ్మాయి చురుకైనది, వారంలోపే వెళ్లి శాంపిల్ తీసింది. రిపోర్టులో నెయ్యి నెయ్యే అని తేలింది. లేబుల్ మాత్రం మిస్‌బ్రాండెడ్. సంక్రాంతి దాటాక జాయింట్ కలెక్టరు జరిమానా వేశారు.

“అంటే కల్తీ లేదా?” అంది వదిన, ఏదో పోగొట్టుకున్నట్టు.

“లేదు.”

“మరి ఆ వాసనేంటి?”

పెరుగు చిలికిన వెన్న కాచిన నెయ్యికీ, మీగడ నుంచి నేరుగా తీసిన నెయ్యికీ వాసనలో తేడా ఉంటుందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మిగిలిన పావు సీసా దీపారాధనకి వాడేసింది.